కోళ్ళ దాణాలో ఎంజైములు: సంచిమీది వ్రాత, షెడ్డులోని లెక్క

(ఉడుమలపేటలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను మాటలాడుమని కోరినప్పుడు మేము కొంత జంకితిమి. ఈ వేదికపై బడులలో తెలుగు తరగతులను గూర్చియు, మన పిల్లల చదువులను గూర్చియు పెద్దలు ప్రసంగించుట వాడుక. కోళ్ళ దాణా సంగతి సభకు తగునా యని సందేహము కలిగినది. కాని ఇచట కూర్చున్నవారిలో షెడ్డు లేని ఇల్లుగాని, షెడ్డున్న చుట్టము లేని ఇల్లుగాని ఎన్ని యుండునో వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. మన తాతలు ఈ రేగడిలో ప్రత్తి పండించిరి. బావులు అడుగంటిన పిదప మనలో పలువురము షెడ్లు వేసికొంటిమి. దాణాలో కలుపు మందుల సంచులపై వ్రాత ఇంగ్లీషులో నుండును. అమ్మవచ్చినవాడు తమిళములో చెప్పును. రాత్రి భోజనముల వేళ, కొనుటయా మానుటయా యని మనము తెలుగులో తర్కించుకొందుము. ఈ మూడింటి నడుమ ఒక మాట జారిపోయి మా కుటుంబము ఒక బ్యాచిని నష్టపోయినది. ఆ జారిపోయిన మాటయే నేటి మా ప్రసంగ విషయము.

మాంసపు కోడిని పెంచుటలో అయ్యే వ్యయమున నూటికి అరువదియైదు నుండి డెబ్బది పాళ్ళు దాణాకే పోవునని అందరెరిగినదే. నలువది గ్రాముల పిల్ల అయిదారు వారములలో రెండు కిలోల కోడి యగును. అందుకు మూడు కిలోలకు మించి దాణా తినును. ఈ నిష్పత్తిలో పదవవంతు తేడా వచ్చినను రైతుకు మిగులునది మిగులదు. కంపెనీలకు పెంచి యిచ్చు సోదరులు, 'దాణా వారు పంపుదురు, మాకేల ఈ గొడవ' యనవచ్చును. తిన్న దాణాకును పెరిగిన బరువునకును గల నిష్పత్తినిబట్టియే వారి పెంపకపు కూలి కూడ లెక్కింపబడును గదా. సొంతముగా దాణా కలుపుకొను మావంటివారికి తప్పిన భారము మాత్రము వారికి లేదు. తప్పు చేయు స్వాతంత్ర్యమును లేదు.

ఇక విషయమునకు వత్తము. దాణా యనగా ముఖ్యముగా మొక్కజొన్న, సోయా చెక్క. ఈ రెండును విత్తనములే. విత్తనము కోడి తినుటకై పుట్టినది కాదు, మొలకెత్తుటకై పుట్టినది. కావున మొక్క తనకు కావలసిన భాస్వరమును విత్తనములో భద్రముగా దాచుకొనును. ఆ దాపునకు ఫైటేటు అని పేరు. విత్తనములోని భాస్వరములో సుమారు మూడింట రెండువంతులు ఈ రూపముననే యుండును. మొలకెత్తు వేళ విత్తనమే ఫైటేజు అను ఎంజైమును పనికి పురికొల్పి ఆ ముడిని విప్పుకొనును. కోడి కడుపులో అట్టి ఎంజైము తగినంత లేదు. అందుచే తిన్న భాస్వరములో అధికభాగము రెట్టతో ఊకపై పడిపోవును. పోవునది భాస్వరము మాత్రమే కాదు. ఫైటేటు కాల్షియమును, జింకును, కొంత మాంసకృత్తును కూడ పట్టుకొని తనతో ఈడ్చుకొని పోవును.

మన ఇండ్లలో అమ్మమ్మలు రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలకలు వచ్చిన పిదప ఎండబెట్టి విసరుదురు. పిండిని పులియబెట్టి అంబలి కాచుదురు. ఆ నానుటలోను పులియుటలోను జరుగు పనులలో ఫైటేటు కొంత విడిపోవుట ఒకటి. పేరు తెలియకపోయినను పని తెలిసినవారు వారు. పదివేల కోళ్ళకు దాణా నానబెట్టుట సాధ్యము కాదు గనుక, ఆ ఎంజైమునే బూజుజాతి జీవులచేతను, సూక్ష్మజీవులచేతను తయారుచేయించి పొడిగా దాణాలో కలుపుచున్నారు.

ఈ ఫైటేజును మొదట గుర్తించినది 1907లో, జపాను శాస్త్రజ్ఞులు. వారు దానిని కనుగొన్నది వరితవుడులో. కాని కోళ్ళ దాణాలో కలుపదగిన సరుకుగా అది అంగడికి వచ్చుటకు మరి ఎనుబది యేండ్లు పైన పట్టినది. 1991లో హాలెండు దేశములో అది అమ్మకమునకు వచ్చినది. అచట దానిని కోరినది కోడి మేలు ఎంచి కాదు. కోళ్ళ, పందుల ఎరువునుండి భాస్వరము కాలువలలో చేరి నీరు చెడుచుండగా ప్రభుత్వము కట్టుబాట్లు చేసినది. ఆ కట్టుబాట్లకు లోబడుటకై దానిని వాడిరి. ఖర్చు తగ్గునన్న సంగతి తరువాత ప్రధానమైనది. మన షెడ్ల ఊక ఈ చుట్టుపట్ల కొబ్బరితోటలకు పోవును గాన ఆ బాధ మనకింకను తెలియలేదు.

ఈ సందర్భమున ఒక తెలుగువానిని తలచుకొనక తప్పదు. ఫైటేజు సంచిపై ఇన్ని యూనిట్లు అని వ్రాసియుండును. ఒక యూనిటనగా, నిర్ణీతమైన వేడిమిలో, పులుపులో, నిమిషమునకు ఒక మైక్రోమోలు భాస్వర లవణమును విడిపించు శక్తి. విడిపోయిన భాస్వరము ఎంతయో తెలియనిదే యూనిటు లేదు. అతి కొద్దిపాటి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతులలో జగత్ప్రసిద్ధమైనది 1925లో హార్వర్డులో వెలువడిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారే. 1895లో భీమవరమున పుట్టి, మదరాసు వైద్య కళాశాలలో చదివి, సముద్రము దాటినవారు. పరాయి గడ్డపై నిలిచిన తెలుగువారికి ఆయన పేరు కొత్త కాదు; కోళ్ళ దాణా దగ్గర ఆయన ఎదురగునని మాత్రము మేమనుకొనలేదు.

ఇప్పుడు లెక్క. పలక తెచ్చుకొనినవారు వ్రాసికొనుడు. నూరు కిలోల దాణాలో అరువది కిలోలు మొక్కజొన్న, ముప్పదిరెండు కిలోలు సోయా చెక్క అనుకొందము. మొక్కజొన్న తెచ్చు మొత్తము భాస్వరము 168 గ్రాములు. అందులో కోడికి సులువుగా అందునది 48 గ్రాములు. సోయా తెచ్చునది సుమారు 198 గ్రాములు. అందునది సుమారు 70. రెండును కలిపి దాణాలో 366 గ్రాములున్నను, కోడికి అందునది 118 మాత్రమే. మొదటి మూడు వారముల పిల్లకు నూరు కిలోల దాణాలో 450 గ్రాములు అందునట్టి భాస్వరము కావలెను. లోటు 332 గ్రాములు. ఈ లోటును మనము డి.సి.పి. పొడితో పూడ్చుచున్నాము. అందులో భాస్వరము నూటికి పదునెనిమిది పాళ్ళు. అనగా నూరు కిలోల దాణాకు కిలో ఎనిమిదివందల నలుబది గ్రాముల డి.సి.పి. పడును.

కిలో దాణాకు 500 యూనిట్ల చొప్పున ఫైటేజు కలిపినచో, నూరు కిలోలలో సుమారు నూరు గ్రాముల భాస్వరము ముడి విడి కోడికి అందునని సామాన్యమైన లెక్క. కొందరు తయారీదారులు నూటయేబది గ్రాములందురు. మేము నూరే పట్టుకొందుము. అప్పుడు లోటు 232 గ్రాములకు దిగును. డి.సి.పి. కిలో మూడువందల గ్రాములు చాలును. టన్ను దాణాకు అయిదున్నర కిలోల డి.సి.పి. మిగులును. దానికి మారుగా వేసినది, గ్రామునకు అయిదువేల యూనిట్ల పొడియైనచో, టన్నుకు నూరు గ్రాములు. డి.సి.పి. చేయుటకు కావలసిన రాతిభాస్వరమును మన దేశము అధికభాగము విదేశములనుండియే తెచ్చుకొనుచున్నది గాన దాని ధర మన చేతిలో లేదు. కావున ఈ మిగులు చిన్నదేమియు కాదు.

ఈ లెక్కలోనే రెండు గోతులున్నవి. మొదటి గోతిలో పడువారే ఎక్కువ. వారు డి.సి.పి. ఒక్క గ్రాము తగ్గింపరు. పైన ఎంజైము కూడ వేసి, 'కోడి బాగుగా పెరుగును గదా' యందురు. ఎంజైము దాణాకు క్రొత్తగా ఏమియు చేర్చదు. దాణాలో ఉన్నదానినే విప్పును. కోడికి భాస్వరము ముందే నిండుగా అందుచుండగా ఇంకను విప్పిన భాస్వరము రెట్టలోనికే పోవును. మాంసకృత్తు, జింకు కొంత ఎక్కువ అందును గాన బొత్తిగా వ్యర్థమనలేము. మోతాదు ఎంతో పెంచి ఆ లాభమునకే వాడువారును కలరు. కాని సంచి ధర తిరిగి వచ్చినదో లేదో వారు కాటాపై చూచుకొనవలెను. పొరుగువాడు వేసినాడు గనుక మనమును వేయుట వ్యాపారము కాదు.

రెండవ గోతిలో మేము పడితిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక అమ్మకపువాడు మా ఇంటికి వచ్చి, మా అన్నగారి ఎదుట కూర్చుండి, టన్నుకు పది కిలోల డి.సి.పి. తీసివేయుడు, నూనెయు తగ్గింపుడు, మా పొడి అంతయు చూచుకొనును అని చెప్పినాడు. అతని మాట తీయనిది. ఆ బ్యాచి సొమ్ముతో మా మేనకోడలి కళాశాల రుసుము కట్టవలసి యున్నది. పది కిలోలు తగ్గుననగానే మా మనస్సు లెక్కను దాటి పరుగెత్తినది. ఆ నెలలోనే దాణాను గుళికలుగా చేయించినచో వృథా తగ్గునని తలచి, మిల్లులో ఆవిరిపై గుళికలు పట్టించితిమి. సంచిపై ఇంగ్లీషులో చిన్న అక్షరములతో, ఇంత వేడిమికి మించి తాళదు అని వ్రాసియున్నది. దానిని మాలో ఎవరమును చదువలేదు. అమ్మినవాడును చెప్పలేదు.

ఎంజైము యనగా మాంసకృత్తు. కోడిగ్రుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్లే ఇదియు వేడికి చెడును. గుళికలు పట్టు యంత్రములో ఎనుబది, తొంబది డిగ్రీల వేడి యుండును. ఆ వేడికి తాళునట్లు పైపూత వేసిన పొడులును, స్వభావముననే తాళు రకములును ఉన్నవి. గుళికలు చల్లారిన తరువాత ద్రవరూపమున చిలుకరించు పద్ధతియు ఉన్నది. మాది ఇవేవియు కాని సాదా పొడి. అది మిల్లులోనే చచ్చినది. మేమో, డి.సి.పి. తీసివేసియుంటిమి.

పదునెనిమిదవ దినమునకు పిల్లలు నడువలేక మడమలపై కూలబడసాగినవి. మొదట ఊక జారుడుగా నున్నదనుకొంటిమి. తరువాత ఏదో తెగులు వచ్చినదనుకొని మందులు పోసితిమి. మూలన వేరుచేసిన కుంటిపిల్లల గుంపు దినదినము పెరిగినది. మా వదినెగారు ఒక పిల్లను చేతిలోనికి తీసికొని ముక్కు నొక్కి, 'ఇదేమి, రబ్బరువలె వంగుచున్నది' అనిరి. పశువైద్యులు వచ్చి చచ్చిన పిల్లను కోసి కాలియెముకను వంచి చూపిరి. బలమైన ఎముక పటుక్కున విరుగవలెను. అది తోటకూర కాడవలె వంగినది. తెగులు కాదు, ఆకలి అని ఆయన ఒక్క మాట చెప్పిరి. కడుపు నిండ తినుచున్న పిల్లలకు ఆకలి! డి.సి.పి. తిరిగి వేసిన తరువాత కొన్ని తేరుకొన్నవి. తక్కినవి బరువు రాక చౌకగా పోయినవి. రుసుము మా వియ్యంకులవారి వద్ద అప్పు తెచ్చి కట్టితిమి. అమ్మకపువాని పేరు మేము చెప్పము. అతనికిని ఆ చిన్న అక్షరములు తెలిసియుండవని మా నమ్మకము.

ఆ తరువాత మేము పట్టిన పద్ధతి చెప్పెదము. సంచి కొనునప్పుడు తయారుచేసిన తేది, యూనిట్ల సంఖ్య, వేడిమి హద్దు, ఈ మూడింటిని పిల్లలచే చదివించి తెలుగులో ఒక చీటిపై వ్రాయించి గోడకు అంటించుచున్నాము. ఇంటిలో ఇంగ్లీషు చదివిన ఆడపిల్ల యున్నచో ఈ పని ఆమెదే కావలెను. సంచిని రేకు కప్పు క్రింద ఉంచము. చల్లని గదిలో పెట్టెదము. ఖనిజముల మిశ్రమముతోను, కోలిను క్లోరైడుతోను ముందుగా కలిపి నిలువ చేయము. అవి ఎంజైము శక్తిని తినివేయును. కలుపునప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. ఈ దుమ్ము ఊపిరిలో చేరినచో కొందరికి ఆయాసము పట్టుకొనును.

టన్నుకు నూరు గ్రాములనగా పదివేల పాళ్ళలో ఒక పాలు. దానిని ఒక్కసారిగా మిక్సరులో కుమ్మరించినచో ఒక కోడికి రెండింతలు, ఇంకొక కోడికి సున్న. ముందు నూరు గ్రాములను కిలో మెత్తని మొక్కజొన్న పిండిలో చేతితో కలుపుదుము. ఆ కిలోను పది కిలోలలో, ఆ పదింటిని ఏబదింటిలో కలిపి, అప్పుడు మిక్సరుకు ఎక్కింతుము. ఈ పనికి ఓర్పుగల మనిషి కావలెను. మా ఇంట మా అన్నగారే చేయుదురు, కూలివారికి వదలరు.

సున్నపురాయి పొడి విషయము కొంచెము శ్రద్ధతో వినగోరుచున్నాము. కాళ్ళు బలపడునని దానిని ఒక దోసెడు ఎక్కువ వేయు అలవాటు మనలో కలదు. కాల్షియము ఎక్కువైనచో ఫైటేటును పట్టుకొని కరగనీయదు. కరగనిదానిని ఫైటేజు విప్పలేదు. పైగా ఫైటేజు తన పనిలో అధికభాగమును కోడి మెడక్రింద మేత నిలుచు సంచిలోను, జఠరములోను, కందనకాయలోను, పులుపున్నంతవరకే చేయును. చిన్నప్రేవులకు చేరిన పిదప దానికి బలము చాలదు. సున్నము పులుపును విరుచును గదా. అందువలన డి.సి.పి. తగ్గించినప్పుడు దానితో పోయిన కాల్షియమును సున్నపురాయితో గ్రుడ్డిగా నింపరాదు. లెక్క చూచి, కాల్షియము అందునట్టి భాస్వరమునకు రెండింతలకు సమీపమున నుండునట్లు నిలుపవలెను.

తక్కిన ఎంజైములను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. ధాన్యపు గోడలలోని నారపదార్థమును విప్పు జైలనేజు, గ్లూకనేజు మొదలగునవి గోధుమ, బార్లీ తినిపించు దేశములలో మిక్కిలి ఉపకరించినవి. ఆ ధాన్యములు కోడి ప్రేవులలో జిగురుగా మారి ఆహారమును అంటనీయవు. రెట్ట బంకయై ఊక తడిసిపోవును. బార్లీకి ఎంజైము చేర్చినచో పిల్లలు బాగుగా పెరుగునని అమెరికాలో 1957 నాటికే చూపిరి. మన దాణా మొక్కజొన్న, సోయాలది గాన ఆ లాభము ఇచట అంత కొట్టవచ్చినట్లు కనబడదు. మొక్కజొన్న ధర పెరిగి గోధుమ, నూనె తీసిన తవుడు, సూర్యకాంతి చెక్క వేయవలసి వచ్చిన నెలలలో దాని అవసరము పెరుగును. మాంసకృత్తును విప్పు ప్రోటియేజులును వచ్చినవి. అవి యున్నవి గదా యని సరిగా వేగని సోయా కొనుట అవివేకము. పచ్చి సోయాలో జీర్ణమును అడ్డు పదార్థమున్నది, దానికి మందు తగినంత వేడియే.

రెండు మూడు ఎంజైములు కలిపి వాడువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఒక్కొక్క సంచిపై, మా పొడి ఇంత శక్తిని, ఇంత మాంసకృత్తును మిగుల్చునని అంకెలుండును. వానినన్నిటిని కూడి దాణాలో తగ్గింపరాదు. ఒకే మేతను ఇద్దరు విప్పినంతమాత్రమున రెండు మేతలు కావు. ఒకే పొలమును ఇద్దరికి కుదువబెట్టిన పెద్దమనిషి కథవంటిది ఇది.

ఎంజైము మాంసములో మిగులునా, తిన్న మనుష్యునికి కీడా యని మొన్న ఒక సోదరి మమ్ములను అడిగినది. మిగులదమ్మా. అది తన పని చేసి, తానును మాంసకృత్తే గనుక కోడి కడుపులో జీర్ణమగును. కోడి పెరుగుటకై వేయుచుండిన యాంటిబయోటిక్కులతో దీనిని కలిపి తలపరాదు. వానిని పెరుగుదలకై వాడుటను ఐరోపా 2006లో మాన్పినది. మన ప్రభుత్వము 2019లో కొలిస్టినును పశువులకు, కోళ్ళకు వాడరాదని నిషేధించినది.

సంచిలో వ్రాసిన యూనిట్లు నిజముగా నున్నవో లేవో అను అనుమానము కలిగినచో, నామక్కల్లు పశువైద్య కళాశాలలో దాణా పరీక్షించు ప్రయోగశాల కలదు. ఏ ఏ పరీక్షలు చేయుదురో ముందుగా విచారించి నమూనా పంపవచ్చును. ఇంటివద్ద చేయదగినది మరియొకటి యున్నది. షెడ్డును వలతో రెండుగా చేసి, ఒకే దినమున వచ్చిన పిల్లలను సమముగా విడిచి, ఒకవైపు పాత దాణా, మరియొకవైపు క్రొత్తది వేసి, వారమునకొకసారి రెండువైపులను తూచి చూడుడు. ఒక్క బ్యాచితో తీర్పు చెప్పకుడు. వేసవిలో నొకటి, వానలలో నొకటి చూడవలెను. మేము అట్లే చేయుచున్నాము. మొదటిసారి రెండువైపుల బరువు ఇంచుమించు ఒకటే వచ్చినది. అనగా టన్నుకు అయిదున్నర కిలోల డి.సి.పి. తగ్గించియు కోడి చెడలేదు. మాకు కావలసినది అంతే.

ఇప్పుడు నడుచుచున్న బ్యాచికి వచ్చు ఆదివారమునాటికి ఇరువదియొక్క దినములు నిండును. ఆనాడు ఉదయము ఆరు గంటలకు తూకము. చూడగోరువారు దయచేయవచ్చును. కాలికి తొడుగుకొనుటకు చెప్పులు మేమే యిత్తుము, మీ షెడ్డు చెప్పులతో మాత్రము రావలదు. వచ్చువారు తాము వాడుచున్న సంచిమీది చీటిని తెచ్చినచో మా మేనకోడలు చదివి తెలుగులో వ్రాసి యిచ్చును. ఆమె చదువు పూర్తియైనది.